తాళం బాధ్యత ఎవరిది? – బొగ్గుబాయి కట్టడి నుంచి ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ వరకు ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

ఒకే వనరును పలువురు ఒకే సమయంలో వాడుకోవలసి వచ్చినప్పుడు ప్రమాదం పొంచి ఉంటుంది. దాన్ని నివారించే బాధ్యత వాడుకరిదా, పరికరాన్ని రూపొందించినవారిదా అన్న ప్రశ్న గనుల చరిత్రలోనూ, కంప్యూటర్ చరిత్రలోనూ ఒకే తీరున ఎదురైంది. క్రిప్టోగ్రఫీ లైబ్రరీలలో విస్తృతంగా వాడుకలో ఉన్న ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 1998 నుంచి 2016 వరకు ఈ బాధ్యతను ప్రధానంగా వాడుకరిపైనే ఉంచింది. 2016లో దానిని తనలోకి తీసుకుంది. ఈ మార్పు నేపథ్యాన్ని, కారణాలను, పరిమితులను గోదావరిఖని బొగ్గుగనుల కట్టుబాట్ల వెలుగులో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: థ్రెడ్ భద్రత, పరస్పర మినహాయింపు, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్, సింగరేణి, గోదావరిఖని, షాట్‌ఫైరర్, సెమాఫోర్.

1. ఉపోద్ఘాతం:

కంప్యూటర్ ప్రోగ్రామ్ ఒకప్పుడు ఒకే వరుసలో నడిచేది. ఒక పని ముగిసిన తరువాతనే మరొక పని మొదలయ్యేది. నేటి సర్వర్ ప్రోగ్రామ్ అలా నడవదు. వందలాది వినియోగదారులకు ఒకేసారి బదులు చెప్పడానికి అది తనలోని పనిని అనేక వరుసలుగా విడదీసుకుంటుంది. ఈ వరుసలకే థ్రెడ్‌లని పేరు. వేర్వేరు ప్రాసెస్‌లకు వేర్వేరు మెమరీ ఉంటుంది. ఒకే ప్రాసెస్‌లోని థ్రెడ్‌లన్నీ మాత్రం ఒకే మెమరీని పంచుకుంటాయి. వాటి వేగానికి కారణం ఈ పంపకమే, వాటి ప్రమాదానికి మూలమూ ఇదే.

ఆ ప్రమాదాన్ని బొగ్గుబాయి లెక్కతో వివరించవచ్చు. బొగ్గు ఫిల్లర్లకు నింపిన టబ్బుల లెక్కన కూలి కట్టిన కాలం ఉంది. ఒకే పుస్తకంలో ఇద్దరు గుమాస్తాలు టబ్బుల సంఖ్య రాస్తున్నారని ఊహిద్దాం. పుస్తకంలో 40 అని ఉంది. మొదటి గుమాస్తా 40 చదివి ఒకటి కలుపుకొనే లోపలే రెండవ గుమాస్తా కూడా 40 చదివాడు. మొదటివాడు 41 అని రాశాడు, రెండవవాడు కూడా 41 అనే రాశాడు. బయటికి వచ్చిన టబ్బులు రెండు, లెక్కకెక్కినది ఒక్కటి. ఇద్దరిలో ఎవరూ తప్పు కూడలేదు, ఎవరూ అబద్ధం రాయలేదు. అయినా ఒక కార్మికుని కూలి పోయింది. కంప్యూటర్ శాస్త్రం దీనినే రేస్ కండిషన్ అంటుంది. సంఖ్యకు ఒకటి కలపడమన్నది యంత్రానికి ఒక పని కాదు. చదవడం, కలపడం, రాయడం అనే మూడు పనులు. ఈ మూడింటి నడుమ మరొకరు దూరకుండా చూడటమే పరస్పర మినహాయింపు. ఎన్ని థ్రెడ్‌లు ఏ వరుసలో వచ్చినా ఒక లైబ్రరీ సరైన ఫలితమే ఇస్తే దానికి థ్రెడ్ భద్రత ఉందంటారు.

సాధారణ ప్రోగ్రామ్‌లో ఇటువంటి పొరపాటు ఒక అంకెను చెరిపితే, క్రిప్టోగ్రఫీ లైబ్రరీలో అది రహస్యాన్నే బయటపెట్టగలదు. అందుకే ఈ రంగంలో తాళం బాధ్యత ఎవరిదన్న ప్రశ్నకు ప్రత్యేక ప్రాముఖ్యం ఉంది.

2. గోదావరిఖని: కట్టడికి రెండు నమూనాలు

1871లో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు నిక్షేపాలను గుర్తించారు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకపు హక్కులు పొందగా, 1889లో బొగ్గు ఉత్పత్తి మొదలైంది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. స్వాతంత్ర్యానంతరం తవ్వకాలు గోదావరి తీరాన రామగుండం ప్రాంతానికి విస్తరించాయి. ఆ విస్తరణలో పుట్టిన పట్టణానికి గోదావరిఖని అన్న పేరే స్థిరపడింది. నేడు ఈ సంస్థలో రాష్ట్ర ప్రభుత్వానికి 51 శాతం, కేంద్ర ప్రభుత్వానికి 49 శాతం వాటా ఉంది.

భూగర్భ గనిలో బొగ్గును పేల్చే పని షాట్‌ఫైరర్‌ది. 1957 నాటి బొగ్గుగనుల నిబంధనలు, వాటి స్థానంలో వచ్చిన 2017 నిబంధనలు ఈ పనికి కచ్చితమైన క్రమాన్ని విధించాయి. పేల్చే యంత్రపు తాళంచెవి లేదా తీసి పెట్టుకోగల పిడి పని ఉన్నంతసేపు షాట్‌ఫైరర్ సొంత స్వాధీనంలోనే ఉండాలి. పేల్చబోయే ముందు మాత్రమే దానిని యంత్రానికి తగిలించాలి. అంతకు ముందే మనుషులను దూరంగా పంపి, ఆ చోటికి వచ్చే దారులన్నిటికీ కాపలా పెట్టాలి. పేల్చిన వెంటనే తాళంచెవి తీసివేయాలి. పొగ తగ్గిన తరువాత షాట్‌ఫైరర్ స్వయంగా చూసి, భయం లేదని తేల్చాకే తక్కినవారు లోపలికి రావాలి. ఈ క్రమానికి ఆధారం రెండు సూత్రాలు. తాళంచెవి ఒక్కటే ఉండటం మొదటిది, అది ఒక్కరి చేతిలోనే ఉండటం రెండవది.

ఇక్కడ కట్టడి మనిషి క్రమశిక్షణపై ఆధారపడి ఉంది. నిబంధన ఎంత కచ్చితమైనదైనా దానిని పాటించవలసినది మనిషే. దీనిని మొదటి నమూనా అనవచ్చు.

రెండవ నమూనా సేఫ్టీ ల్యాంపులో కనిపిస్తుంది. 1815లో హంఫ్రీ డేవీ రూపొందించిన దీపంలో మంట చుట్టూ సన్నని తీగల జాలీ ఉంటుంది. జాలీ వేడిని లాగివేయడం వల్ల లోపలి మంట బయటి మీథేన్ వాయువుకు అంటుకోదు. అయితే దీపం మూత తెరిస్తే ఈ రక్షణంతా వృథా. మూత తెరవరాదని నియమం పెట్టినా, చీకటిలో వెలుతురు చాలకో, చుట్ట ముట్టించుకోవడానికో తెరిచేవారు ఉండేవారు. కాబట్టి క్రమంగా దీపానికే తాళం వచ్చింది. సీసపు రివిట్‌తో మూసిన దీపాన్ని తెరిస్తే ఆ సంగతి బయటపడుతుంది. అయస్కాంత తాళమున్న దీపమైతే ల్యాంప్ రూంలోని బలమైన అయస్కాంతంతో తప్ప తెరుచుకోదు. అప్పటివరకు మనిషి పాటించవలసిన నియమం ఆ విధంగా వస్తువు నిర్మాణంలో భాగమైంది.

గనుల నుంచి కంప్యూటర్ శాస్త్రానికి ఈ ఆలోచన నేరుగా వచ్చిందని ఈ వ్యాసం వాదించదు. ఒకే సమస్యకు మానవసమాజం రెండు చోట్ల రెండే రకాల పరిష్కారాలు వెదికిందని, రెండు చోట్లా ప్రయాణం మొదటి నమూనా నుంచి రెండవ నమూనాకే సాగిందని మాత్రమే ప్రతిపాదిస్తుంది.

3. రైలుపట్టాల మీదుగా వచ్చిన పదం

గని నుంచి బొగ్గు బయటికి వెళ్ళే దారి రైలు మార్గం. రామగుండం స్టేషన్ ఉన్న కాజీపేట–బల్లార్షా మార్గం 1929 నాటికి పూర్తయి దక్షిణ, ఉత్తర భారతాలను కలిపింది. ఒంటిలైను మార్గాల్లో ఎదురెదురుగా రెండు రైళ్ళు ఒకే పట్టామీదికి రాకుండా టోకెన్ పద్ధతి ఉండేది. రెండు స్టేషన్ల నడుమనున్న పట్టాపైకి రైలు వెళ్ళాలంటే డ్రైవరు చేతికి టోకెన్ అందాలి. రెండు స్టేషన్లలోని యంత్రాలు విద్యుత్ తీగతో అనుసంధానమై ఉండటం వల్ల ఒక టోకెన్ బయట ఉండగా రెండవది ఊడి రాదు. షాట్‌ఫైరర్ తాళంచెవికీ దీనికీ ఉన్న భేదం గమనించదగినది. అక్కడ ఒక్కరే ఉండాలన్నది నియమం. ఇక్కడ ఇద్దరు ఉండటాన్ని యంత్రమే అసాధ్యం చేసింది.

కంప్యూటర్ శాస్త్రానికి మూలపదం దొరికింది రైల్వేలోనే. 1960ల తొలినాళ్ళలో నెదర్లాండ్స్ శాస్త్రవేత్త ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా పరస్పర మినహాయింపు కోసం ఒక సాధనాన్ని ప్రతిపాదించి, దానికి రైల్వే రెక్క సిగ్నల్ పేరు మీదుగా సెమాఫోర్ అని పేరు పెట్టారు. దానిపై జరిగే రెండు చర్యలకు పి, వి అనే అక్షరాలు వాడారు. తన తొలి డచ్ రచనలో వాటిని దాటడం, విడుదల చేయడం అనే అర్థాలున్న పదాలతో ముడిపెట్టారు. 1965లో ఎన్ని ప్రాసెస్‌లకైనా వర్తించే పరస్పర మినహాయింపు పరిష్కారాన్ని ప్రచురించారు. 1970ల తొలి భాగంలో పెర్ బ్రింక్ హాన్సెన్, టోనీ హోర్ మానిటర్ అనే భావనను రూపొందించారు. పంచుకునే సమాచారాన్ని, దానిని కాపాడే తాళాన్ని ఒకే నిర్మాణంలో బంధించడం మానిటర్ ప్రత్యేకత. వాడుకరి తాళం వేయడం మరచిపోయే అవకాశమే ఇందులో ఉండదు. సిద్ధాంతపరంగా తాళం వస్తువులోనే ఉండాలన్న సమాధానం 1970లలోనే లభించిందన్నమాట. ఆచరణలో ఒక కీలక లైబ్రరీ దానిని అందుకోవడానికి మరో నాలుగు దశాబ్దాలు పట్టింది.

4. వాడుకరిపై ఉంచిన తాళం (1995–2016)

1995 ప్రాంతంలో ఆస్ట్రేలియాలో ఎరిక్ యంగ్, టిమ్ హడ్సన్ కలిసి ఎస్‌ఎస్‌ఎల్ఈఏవై అనే లైబ్రరీని రూపొందించారు. సంకేతీకరణ సాఫ్ట్‌వేర్ ఎగుమతిపై అమెరికా ఆంక్షలున్న ఆ కాలంలో, ఆ దేశానికి వెలుపల తయారైన ఉచిత లైబ్రరీకి విశేష ఆదరణ లభించింది. దాని కొనసాగింపుగా 1998 డిసెంబరులో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ తొలి వెలువరింపు వచ్చింది.

ఈ లైబ్రరీకి తనకు ఎక్కడెక్కడ తాళాలు అవసరమో తెలుసు. వాటికి వరుస సంఖ్యలు కూడా ఉన్నాయి. 1.0.2 వెలువరింపులో అటువంటివి 41. తాళం వేయడం ఎలాగన్నది మాత్రం దానికి తెలియదు. అందువల్ల ప్రోగ్రామ్ రాసేవారు 41 తాళాలు తయారు చేసి, వాటిని వేసే, తీసే ఫంక్షన్ ఒకటి రాసి, ‘తాళం అవసరమైనప్పుడు దీనిని పిలువు’ అని లైబ్రరీకి అప్పగించాలి. అలా అప్పగించే ఫంక్షన్ పేరు క్రిప్టో_సెట్_లాకింగ్_కాల్‌బ్యాక్. ఏ థ్రెడ్ నడుస్తున్నదో చెప్పడానికి మరొక ఫంక్షన్ ఉంది. ఇవి ఇవ్వకపోతే లైబ్రరీ హెచ్చరించదు, ఆగదు. తాళాలు లేకుండానే పని సాగిస్తుంది.

దీనిని నిర్లక్ష్యంగా భావించడం చారిత్రకంగా సరికాదు. యునిక్స్ వ్యవస్థలకు ఉమ్మడి థ్రెడ్ ప్రమాణమైన పోసిక్స్ థ్రెడ్స్ ఆమోదం పొందినదే 1995లో. విండోస్ పద్ధతి వేరు, ఇతర వ్యవస్థల పద్ధతులు వేరు. అన్నిటిపైనా నడవవలసిన లైబ్రరీ ఏదో ఒక తాళాన్ని ఎంచుకోలేని స్థితి అది. తాళాన్ని వాడుకరికి వదలడం అప్పటికి ఆచరణీయమైన మార్గం. చిక్కేమిటంటే, పరిస్థితులు మారిన తరువాత కూడా ఆ ఏర్పాటు రెండు దశాబ్దాలు కొనసాగింది.

ఈ ఏర్పాటులో మూడు లోపాలు కనిపిస్తాయి. మొదటిది మరపు. తాళాలు లేని ప్రోగ్రామ్ పరీక్షలన్నిటిలోనూ నెగ్గవచ్చు. ఇద్దరు గుమాస్తాలు ఒకే క్షణంలో పుస్తకం చదవడం అరుదు కాబట్టి, రద్దీ పెరిగిన రోజుననే పొరపాటు బయటపడుతుంది.

రెండవది బాధ్యత చీలిక. కాల్‌బ్యాక్ మొత్తం ప్రాసెస్‌కు ఒక్కటే. నేటి ప్రోగ్రామ్‌లో డేటాబేస్ క్లయింట్, వెబ్ క్లయింట్, భాషా వ్యవస్థ వంటి భాగాలన్నీ తమంతట తాము ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌ను వాడవచ్చు. తాళాన్ని ఎవరు అమర్చాలి? అందరూ అమర్చితే ఒకరిది మరొకరు చెరుపుతారు. ఒకరు తమ పని ముగిసిందని తాళాన్ని తీసివేస్తే తక్కినవారు రక్షణ లేకుండా మిగులుతారు. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ డేటాబేస్ తన క్లయింట్ లైబ్రరీలో ‘ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌ను ప్రధాన ప్రోగ్రామే సిద్ధం చేసింది, నువ్వు చేయనక్కరలేదు’ అని తెలిపే ప్రత్యేక ఫంక్షన్‌ను చేర్చవలసి రావడం ఈ చిక్కుకు నిదర్శనం. ఒకే పేల్చే యంత్రానికి నలుగురు షాట్‌ఫైరర్లుండి, తాళంచెవి ఎవరిదో తేలని స్థితి వంటిది ఇది.

మూడవది తెరిచిన మూత. ఆ కాలపు లైబ్రరీలో సర్టిఫికెట్ వంటి నిర్మాణాల లోపలి భాగాలు వాడుకరికి నేరుగా అందుబాటులో ఉండేవి. ఒక సర్టిఫికెట్‌ను ఎందరు వాడుతున్నారో చెప్పే అంకెను కూడా ప్రోగ్రామ్ రాసేవారు తామే పెంచేవారు. ఆ అంకె తప్పితే, ఇంకా ఒకరు వాడుతుండగానే ఆ మెమరీ ఖాళీ అయిపోతుంది. సేఫ్టీ ల్యాంపు మూతను వాడుకరి చేతికి వదిలినట్టే ఇది.

5. తాళం చాలని సందర్భాలు

వాడుకరి తన తాళాలను సక్రమంగా అమర్చినా, లైబ్రరీ లోపల తాళం వేయవలసిన చోటును గుర్తించకపోతే రక్షణ ఉండదు. 2010 నవంబరులో ప్రకటించిన సీవీఈ-2010-3864 లోపం ఇటువంటిది. బహుళ థ్రెడ్‌లతో నడుస్తూ, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అంతర్గత సెషన్ నిల్వను వాడే టీఎల్‌ఎస్ సర్వర్లలో రెండు థ్రెడ్‌లు ఒకే సెషన్ సమాచారాన్ని తాకడం వల్ల మెమరీ హద్దు దాటి రాసే ప్రమాదం ఏర్పడింది. 2014 ఆగస్టులో వెలుగుచూసిన సీవీఈ-2014-3509 క్లయింట్ వైపు లోపం. పాత సెషన్‌ను కొనసాగిస్తున్న బహుళ థ్రెడ్ క్లయింట్ ఒక దుష్ట సర్వర్‌తో కలిసినప్పుడు, అప్పటికే విడిచిపెట్టిన మెమరీలో 255 బైట్ల వరకు రాయబడే అవకాశం కలిగింది. 2015లో కూడా ఈ కోవకు చెందిన లోపాలు బయటపడ్డాయి.

యాదృచ్ఛిక సంఖ్యల విషయంలో ప్రమాదం మరింత సూక్ష్మమైనది. సంఖ్యలను పుట్టించే యంత్రాంగపు అంతర్గత స్థితిని రెండు థ్రెడ్‌లు ఒకే క్షణంలో చదివితే ఇద్దరికీ ఒకే సంఖ్య దక్కవచ్చు. ఈసీడీఎస్ఏ పద్ధతిలో ప్రతి డిజిటల్ సంతకానికి ఒక కొత్త రహస్య సంఖ్య కావాలి. ఒకే సంఖ్యతో రెండు వేర్వేరు పత్రాలపై సంతకం చేస్తే, ఆ రెండు సంతకాలను చూసినవారు సాధారణ బీజగణితంతోనే రహస్య తాళంచెవిని రాబట్టగలరు. ఇది ఊహ కాదు. కారణం థ్రెడ్‌లు కాకపోయినా, సోనీ ప్లేస్టేషన్ 3 సంతకాలలో ఈ సంఖ్య మారకుండా ఉండటం వల్ల దాని రహస్య తాళంచెవిని రాబట్టవచ్చని 2010 డిసెంబరులో పరిశోధకులు బహిరంగంగా నిరూపించారు. టబ్బుల పుస్తకంలో పోయినది ఒక టబ్బు కూలి. ఇక్కడ పోయేది ముద్ర వేసే అధికారమే.

6. తాళం లోపలికి వచ్చిన వేళ: 2016

2014 ఏప్రిల్‌లో హార్ట్‌బ్లీడ్ లోపం బయటపడింది. అది థ్రెడ్‌లకు సంబంధించిన లోపం కాదు, మెమరీ హద్దును సరిచూడకపోవడం వల్ల కలిగినది. కాని ప్రపంచమంతా ఆధారపడిన లైబ్రరీని ఎంత కొద్దిమంది, ఎంత కొద్ది వనరులతో నిర్వహిస్తున్నారో దానివల్లనే లోకానికి తెలిసింది. ఆ తరువాత అందిన నిధులతో, మానవవనరులతో లైబ్రరీ పునర్నిర్మాణం సాగింది. 2016 ఆగస్టు 25న వెలువడిన ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.1.0 దాని ఫలితం.

ఈ వెలువరింపుతో లైబ్రరీ తన తాళాలను తానే వేసుకోసాగింది. పాత కాల్‌బ్యాక్ ఫంక్షన్ల పేర్లు పాత ప్రోగ్రామ్‌ల కోసం మిగిలినా, అవి ఏ పనీ చేయవు. అంతే ముఖ్యమైన మరొక మార్పు, నిర్మాణాల లోపలి భాగాలను వాడుకరికి కనిపించకుండా మూసివేయడం. సర్టిఫికెట్ వాడుక అంకెను ఇక వాడుకరి నేరుగా తాకలేరు, అందుకు ప్రత్యేకంగా ఇచ్చిన ఫంక్షన్‌ను పిలవాలి. దీపానికి అయస్కాంత తాళం పడింది. మరొక ప్రసిద్ధ లైబ్రరీ లిబ్‌జీక్రిప్ట్ కూడా 2013లో వెలువడిన 1.6 నుంచి ఇదే దారి పట్టింది. కాబట్టి ఈ మార్పును ఒక్క సంస్థ నిర్ణయంగా కాక ఒక తరం గ్రహింపుగా చూడటం సమంజసం.

2018లో వచ్చిన 1.1.1లో యాదృచ్ఛిక సంఖ్యల యంత్రాంగాన్ని కొత్తగా నిర్మించి, ప్రతి థ్రెడ్‌కూ విడిగా ఏర్పరిచారు. పంచుకోవడమే లేనప్పుడు తగాదా కూడా ఉండదన్నది దీని వెనుక సూత్రం. అయినా 2019లో, ఒక ప్రాసెస్ రెండుగా చీలినప్పుడు తల్లీబిడ్డలు ఒకే యాదృచ్ఛిక స్థితిని పంచుకోకుండా చూసే రక్షణ సహజంగా అమలు కావడం లేదని సీవీఈ-2019-1549 ద్వారా వెల్లడైంది. తాళం లోపలికి వచ్చినంత మాత్రాన అది సరిగా పడిందన్న హామీ ఉండదని ఈ ఘటన తెలుపుతుంది.

7. మిగిలిన బాధ్యత

అయస్కాంత తాళమున్న దీపం చేతిలో ఉన్నా, గ్యాస్ ఉన్నదీ లేనిదీ చూడవలసినది మనిషే. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ విషయంలోనూ అంతే. ఒక అనుసంధానానికి చెందిన ఎస్‌ఎస్‌ఎల్ వస్తువును రెండు థ్రెడ్‌లు ఒకేసారి వాడరాదు. అమరికలను నిలిపే సందర్భ వస్తువును పలు థ్రెడ్‌లు పంచుకోవచ్చు, కాని పంచుకోవడం మొదలైన తరువాత దాని అమరికలు మార్చడం క్షేమం కాదు. లోపాల వరుస థ్రెడ్‌కు ఒకటిగా ఉంటుంది కనుక, లోపం ఏ థ్రెడ్‌లో కలిగిందో ఆ థ్రెడ్‌లోనే చదవాలి. ఈ విషయాలను లైబ్రరీ ఊహించలేదు, వాడుకరే పాటించాలి.

తాళానికి మూల్యం కూడా ఉంది. 2021లో వెలువడిన 3.0లో అంతర్గత తాళాల కోసం థ్రెడ్‌లు ఒకదానికొకటి ఎదురుచూడటం పెరిగి, బహుళ థ్రెడ్ ప్రోగ్రామ్‌లు కొన్ని సందర్భాల్లో 1.1.1 కంటే నెమ్మదించాయి. తరువాతి వెలువరింపులు దీనిని తగ్గించే పనిలో పడ్డాయి. భద్రతకు, వేగానికి నడుమ ఈ పెనుగులాట గనులకు కొత్త కాదు. ఉత్పత్తి లక్ష్యం, పేలుడు తరువాత వేచి ఉండవలసిన సమయం ఒకే షిఫ్టులో ఇమడవలసి ఉంటుంది.

ఈ చర్చ తెలుగునాటికి దూరమైనది కాదు. 1996లో రిజర్వు బ్యాంకు హైదరాబాదులో నెలకొల్పిన ఐడీఆర్‌బీటీ, 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం కింద డిజిటల్ ధ్రువపత్రాలు జారీచేసే సంస్థగా పనిచేసింది. దేశంలో డిజిటల్ సంతకానికి చట్టబద్ధత కల్పించినది ఆ చట్టమే. గోదావరిఖని కార్మికుని వేతనం బ్యాంకు ఖాతాకు చేరుతున్న నేటి కాలంలో, ముస్టరు పుస్తకం స్థానంలో సర్వర్ నిలిచింది. పుస్తకంలో దిద్దుబాటు కంటికి కనిపించేది, నిలదీసి అడగడానికి వీలుండేది. రెండు థ్రెడ్‌ల నడుమ జరిగిన పొరపాటు ఎవరి కంటికీ ఆనదు. ప్రశ్నించగల అవకాశం తగ్గిన కొద్దీ నిర్మాణంలోని కట్టడికి విలువ పెరుగుతుంది.

8. ముగింపు:

ఈ పరిశీలనలో మూడు అంశాలు తేలుతున్నాయి. ఒకటి, భద్రతను వాడుకరి క్రమశిక్షణకు వదలడం తరచుగా తొలిదశ అవసరంగానే మొదలవుతుంది. కారణం తీరిన తరువాత కూడా అలవాటుగా కొనసాగినప్పుడే అది ప్రమాదకరమవుతుంది. రెండు, తాళాన్ని వస్తువులోనే ఇమిడ్చిన చోట మరపుకు, బాధ్యత చీలికకు తావు తగ్గింది. డేవీ దీపానికి వచ్చిన తాళం, ఒంటిలైను టోకెన్ యంత్రం, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.1.0 ఈ విషయంలో ఒకే కోవకు చెందుతాయి. మూడు, వస్తువు మోయలేని బాధ్యత ఎప్పుడూ కొంత మిగులుతుంది. అది ఎవరిదో, ఎంతో స్పష్టంగా రాసి ఉంచడం రూపకర్తల ధర్మం.

బొగ్గుగనుల నిబంధనలు షాట్‌ఫైరర్‌కు అప్పగించిన పనిని ఏ సందిగ్ధమూ లేకుండా చెప్పాయి. 1998 నుంచి 2016 వరకు ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ కూడా తన షరతును పత్రాలలో చెప్పింది. తాళం అందకపోయినా ఆగకుండా పనిచేయడం దాని లోపం. తాళంచెవి తగిలించనిదే పేల్చే యంత్రం పనిచేయదు. ఈ ఒక్క భేదం రెండు దశాబ్దాల పొరపాట్లలో చాలావాటిని వివరిస్తుంది.